ఎదురు కుర్చీ

మాల్యాద్రికి ఒళ్ళు మండుకొచ్చింది. మండదూ మరి? రేడియో నాటకాల్లో రాజు వేశాడు, దొంగ వేశాడు, చచ్చిపోయిన తండ్రి ఆత్మ కూడా వేశాడు. ఆ గొంతు వస్తోందంటే ఊళ్ళో ఆడవాళ్ళు పొయ్యి మీద పాలు మర్చిపోయేవారు. అంతటివాణ్ణి పట్టుకుని త్రిపురాంబగారు ఇవాళ కూడా "రా నాయనా, ఎదురుగా కూర్చో" అన్నారు.

కూర్చోవడమంటే ఉత్తినే కూర్చోవడం. ఆదివారం సాయంత్రం వచ్చే కథల కార్యక్రమం త్రిపురాంబగారిది. ఆ రేడియో కేంద్రంలో డైరెక్టర్లు మారారు, మైకులు మారాయి, ఆ కార్యక్రమంలో గొంతు మాత్రం మారలేదు. ఆవిడకో పట్టింపు ఉంది. మైకు అవతలి కుర్చీలో ఒక మనిషి కూర్చుంటే తప్ప కథ మొదలుపెట్టరు. ఆ మనిషి నోరు మెదపకూడదు, మైకు పట్టేస్తుంది కాబట్టి. ఇంట్లో పిల్లలు కథ వింటూ ఊఁ కొడతారే, ఆ ఊఁ ఏదో కళ్ళతోనే కొట్టాలి.

ఎవరూ దొరక్కపోతే క్యాంటీన్ వంటాయన్నో, గదులు ఊడ్చే రాములమ్మనో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవారు. ఎదుటి మనిషి మొహం చిట్లిస్తే తరవాతి వాక్యం కాస్త నెమ్మదిగా నడిపేవారు. ఆవలిస్తే మాత్రం కథ ఆపేసి, "ఏమమ్మా, రాత్రి నిద్ర లేదా?" అని పరామర్శించి, టేపు వెనక్కి తిప్పించి మళ్ళీ మొదలు. అద్దానికి అవతల కూర్చుని రికార్డింగు చేసే జిలానీ తల పట్టుకునేవాడు.

మొదట్లో మాల్యాద్రికి ఆ కుర్చీ అంటే గొప్పగా ఉండేది. ఎక్కడో ఒంగోలు అవతలి పల్లె నుంచి వచ్చినవాడు. "శాంతి" అనమంటే "సాంతి" అనేవాడు. నాలుక ఎక్కడ తగలాలో, ఊపిరి ఎక్కడ దొంగతనంగా పీల్చుకోవాలో, చప్పుడు కాకుండా కాగితం ఎలా తిప్పాలో, అన్నీ ఆవిడే నేర్పారు. పొద్దున్నే బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకోవడం కూడా ఆవిడ దగ్గర అబ్బిన అలవాటే.

గొంతు విచ్చుకున్నాక కుర్చీ ఇరుకైపోయింది. "లక్షమంది వింటుంటే ఎదురుగా ఒక మనిషెందుకమ్మా?" అని ఒకసారి అడిగాడు. "లక్షమందికి ఎవరూ కథ చెప్పలేరు నాయనా. ఒక్కళ్ళకే చెప్పగలం. మిగతావాళ్ళు పక్కనుంచి వింటారు" అన్నారావిడ. మర్నాడు క్యాంటీన్లో ఆ మాటే మాల్యాద్రి మెడ కాస్త వంచి, కళ్ళజోడు సర్దుకుంటున్నట్టు నటించి, అచ్చం ఆవిడ గొంతుతో అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. ఆ తరవాత అది వాడికో అలవాటైంది. అన్నం పెట్టిన చేతిని వెక్కిరిస్తే మనవాళ్ళకి భలే సరదా.

వాడి కోరిక మరీ పెద్దదేం కాదు. నాటకంలో వేసినవాళ్ళ పేర్లు చివర్న గబగబా చదివేస్తారు. టైము చాలకపోతే అదీ ఉండదు. కథకైతే అలా కాదు. ముందే, తీరిగ్గా, ఒక్క పేరే చెబుతారు. "చదువుతున్నది మాల్యాద్రి" అన్న మాట వినాలని వాడు ఎంత తపించిపోయాడో చెప్పలేం. ఒక్కడూ ఉన్నప్పుడు ఆ మాట తనే పైకి అనుకుని చూసుకునేవాడు కూడా.

అలాంటి సమయంలో కొత్త డైరెక్టరు పరాంకుశంగారు వాణ్ణి గదిలోకి పిలిచారు. పరాంకుశంగారు మంచివారే. మంచివారు కావడం వల్లే వచ్చింది చిక్కు. మనసులో ఉన్న కటువు మాట తాను అనలేక, ఎదుటివాళ్ళ చేత అనిపిస్తారు.

"త్రిపురాంబగారి గొంతు ఈమధ్య ఎలా ఉంటోందయ్యా?"

బావుందండీ అంటే అయిపోయేది. ఆవిణ్ణే అడగండి అన్నా సరిపోయేది. మాల్యాద్రి కాసేపు నీళ్ళు నమిలాడు. నమిలి నమిలి, "కాస్త జీర వస్తోందండీ. పాపం, పెద్దావిడ కదా" అన్నాడు.

ఆ పాపం అన్నది జాలికొద్దీ అన్నాడో, తను చేస్తున్న పని పేరే చెప్పాడో వాడికే తెలియాలి.

పరాంకుశంగారు నిట్టూర్చారు. "అయితే ఒక కథ నువ్వు చదువు. ఆవిడ విని సరేనంటే వచ్చే నెల నుంచి కార్యక్రమం నీదే. ఆవిడ కాదన్నారనుకో, నా వల్ల కాదు. ఈ ఊరి జనం ఉత్తరాలు రాసి నన్ను చంపుకు తింటారు."

ఇంకేం, అంతా ఆవిడ ఒక్క మాట మీదికి వచ్చి ఆగింది. ఎవరి కుర్చీ లాగుతున్నాడో వాళ్ళ చేతే అవుననిపించుకోవాలి. మామూలుగా అయితే మనిషి వెనకాడాలి. మాల్యాద్రి తిన్నగా ఆర్టిస్టుల గదికి వెళ్ళాడు.

త్రిపురాంబగారు వేణ్ణీళ్ళు తాగుతూ కూర్చుని ఉన్నారు. వాడు విషయం ఎలా మొదలుపెట్టాలా అని చూస్తుంటే ఆవిడే అందుకున్నారు.

"నా గొంతులో జీర వస్తోందట కదా."

"ఎవరన్నారమ్మా?" అన్నాడు మాల్యాద్రి. ఆ అడగడంలో ఎంత అమాయకత్వం ఒలికించాడంటే, నాటకంలో అయితే చప్పట్లు పడేవి.

"మాట బయటికి పోని గోడలు స్టూడియోకే కట్టారు నాయనా. డైరెక్టరుగారి గదికి కట్టలేదు."

ఆవిడ ఇంకో గుక్క వేణ్ణీళ్ళు తాగారు.

"వస్తున్న మాట నిజమే. నాకు వినబడుతూనే ఉంది" అన్నారావిడ. "ముందు నాతో అని ఉంటే బావుండేది. నేనే వెళ్ళి చెప్పేదాన్ని, ఇక వాడికివ్వండి అని. నాకు కష్టం కలిగింది మాల్యాద్రీ. గొంతు పోయినందుకు కాదు."

అప్పుడైనా వాడు ఆ కాళ్ళ దగ్గర కూర్చుని ఉంటే కథ ఇంకోలా ఉండేది. వాడు కూర్చోలేదు. "ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు రావాలి కదమ్మా" అన్నాడు.

ఆవిడ గ్లాసు కింద పెట్టారు. "రావాలి. కాదనను. ఎప్పుడు చదువుతావు?"

"గురువారం మధ్యాహ్నం స్టూడియో ఖాళీ అట."

"అయితే నేనొచ్చి ఎదురుగా కూర్చుంటాను."

ఆ మాట విన్నాక మాల్యాద్రి గాల్లో తేలిపోయాడు. ఆవిడ ఎదురుగా కూర్చుంటానంటే సగం ఒప్పుకున్నట్టే అనుకున్నాడు.

కథ కూడా వాడే ఏరుకున్నాడు. మంత్రసాని చెంగమ్మ కథ. ఊళ్ళోకి ఆసుపత్రి వస్తుంది. ఆమె చేతుల మీద పుట్టినవాడే, తన భార్యకి నొప్పులొస్తుంటే, చెంగమ్మని గడప దగ్గర అడ్డగిస్తాడు. మాల్యాద్రికి ఆ కథ ఎందుకు నచ్చిందంటే, అందులో ముసలి గొంతుంది, పడుచు డాక్టరమ్మ గొంతుంది, నొప్పుల మూలుగుంది, వానలో కేకలున్నాయి. ఉన్న విద్యంతా పరిచి చూపించొచ్చు. అంతకుమించి ఆ కథలో తనకి సంబంధించింది ఏదైనా ఉందేమోనన్న అనుమానం వాడికి పొరపాటున కూడా రాలేదు. పెన్సిలు పుచ్చుకుని ఎక్కడ ఊపిరి పీల్చాలో, ఎక్కడ గొంతు పగలాలో గీతలు గీసుకున్నాడు.

గురువారం ఇద్దరూ చెప్పులు బయట విడిచి స్టూడియోలోకి వెళ్ళారు. త్రిపురాంబగారు ఎదురు కుర్చీలో కూర్చుని, చీర కొంగు భుజం నిండా కప్పుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. మొట్టమొదటిసారి ఆవిడ ముందు కాగితాల్లేవు. జిలానీ అద్దం వెనక నుంచి చెయ్యెత్తాడు. ఎర్రదీపం వెలిగింది.

"చదువుతున్నది మాల్యాద్రి" అని తన పేరు తనే చెప్పుకుని వాడు మొదలుపెట్టాడు.

ఆ చదవడం చదవడం కాదు. చెంగమ్మ దగ్గు దగ్గితే ఆ దగ్గులో పొగాకు ఉంది. వాన పడుతోంది అంటే గదిలో చలేసింది. మొదటి పేజీలో రెండు వాక్యాలు చదివి ఒక్కసారి తలెత్తి చూశాడు. ఆవిడ వాడినే చూస్తున్నారు. అంతే, మళ్ళీ తలెత్తలేదు. కళ్ళు కాగితం మీద, చెవులు తన గొంతు మీద.

గడప దగ్గరి ఘట్టం వచ్చింది. "నువ్వు అడ్డం తిరిగి పుట్టావురా. ఆ రోజు ఈ గడప మీద నన్నెవరూ ఆపలేదు" అంటుంది చెంగమ్మ. ఆ మాట దగ్గర మాల్యాద్రి గొంతు సరిగ్గా పెన్సిలు గీత గీసుకున్నచోట పగిలింది. కళ్ళమ్మట నీళ్ళు కూడా వచ్చాయి. చివరి వాక్యాన్ని ఊపిరిలో కలిపేసి, కాగితం మీద చెయ్యి ఆనించి, కదలకుండా ఉండిపోయాడు.

ఎర్రదీపం ఆరింది. అద్దం వెనక పరాంకుశంగారు కళ్ళు తుడుచుకుంటున్నారు. కథ సగంలో ఉండగా వచ్చారట. మాల్యాద్రి తృప్తిగా ఎదురు కుర్చీ వైపు తిరిగాడు.

కుర్చీలో ఎవరూ లేరు.

వాడికి ముందు తోచిందేమిటంటే, ఆవిడ దుఃఖం ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయి ఉంటారని. ఛాతీ ఇంకాస్త పొంగింది. గబగబా వసారాలోకి వెళ్ళాడు. త్రిపురాంబగారు బల్ల మీద కూర్చుని ఉన్నారు. పక్కన టీ గ్లాసు ఖాళీగా ఉంది. ఏడ్చిన మొహంలా లేదు.

"ఉండలేక వచ్చేశారా అమ్మా?"

"ఎక్కడ లేచానో చెప్పు" అన్నారావిడ.

"చెంగమ్మని గడప దగ్గర ఆపినప్పుడు."

ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"డాక్టరమ్మ వచ్చినప్పుడా?"

కాదన్నట్టే మళ్ళీ ఊపారు.

మూడోసారి చెప్పడానికి వాడి దగ్గర ఏమీ లేదు. అంతలో పరాంకుశంగారు వెనకాలే వచ్చేశారు. చేతులు నలుపుకుంటూ, "ఏమంటారమ్మా? మీరు ఎలా అంటే అలాగే" అన్నారు.

ఇప్పుడు ఆవిడ కాదంటే మాల్యాద్రి కాదనలేడు.

"బాగా చదివాడండీ" అన్నారు త్రిపురాంబగారు. "ఇచ్చేయండి."

"మరి మీరు..."

"నేను ఇంటికి వెళ్తాను."

ఆవిడ లేచి, చెప్పులు వేసుకుని, మెట్లు దిగారు. మాల్యాద్రి దండం పెట్టబోయాడు గాని అప్పటికే ఆవిడ వెనుదిరిగారు. పరాంకుశంగారు వాడి భుజం తట్టి, "ఇంత సులువుగా ఒప్పుకుంటారనుకోలేదయ్యా. అదృష్టవంతుడివి" అని తన గదిలోకి వెళ్ళిపోయారు. ఇన్నాళ్ళూ కావాలనుకున్నది చేతికొచ్చింది. వాడు మాత్రం అక్కడ నిలబడలేదు.

తిన్నగా జిలానీ దగ్గరికి వెళ్ళాడు.

"భాయ్, అమ్మ ఎక్కడ లేచారు?"

జిలానీ వాడి మొహంలోకి వింతగా చూశాడు. "అదేంటి, నువ్వు చూడలేదా? మొదటి పేజీ తిప్పావే, అప్పుడే. పిల్లిలా లేచి తలుపు దగ్గర నిలబడ్డారు. నువ్వు చూస్తావేమోనని చాలాసేపు నిలబడ్డారు. రికార్డింగు ఆపనా అని సైగ చేశాను. వద్దని చెయ్యూపి వెళ్ళిపోయారు."

"టేపు వెయ్యి భాయ్."

"ఎందుకు, బ్రహ్మాండంగా వచ్చింది."

"వెయ్యి."

టేపు తిరిగింది. మాల్యాద్రి స్పీకరు పక్కనే తల వంచుకుని కూర్చున్నాడు. మొదటి పేజీ అయింది. రెండోది మొదలైంది. ఎక్కడో ఒకచోట ఊపిరి తడబడి ఉంటుంది, ఎక్కడో ఒక మాట వెనకాడి ఉంటుంది అని ఆశపడ్డాడు. ఒక మనిషి ఎదుటినుంచి లేచి వెళ్ళిపోతే గొంతుకి ఆ మాత్రం తెలియకుండా ఉంటుందా అనుకున్నాడు. మళ్ళీ వేయించాడు. కళ్ళు మూసుకుని ఇంకోసారి విన్నాడు. ఆవిడ ఉన్నప్పుడు ఎంత బావుందో, ఆవిడ వెళ్ళిపోయాక కూడా ఆ గొంతు అంతే బావుంది.

"ఏం, తప్పేమైనా దొర్లిందా? మళ్ళీ చేద్దామా?" అన్నాడు జిలానీ.

"లేదు భాయ్" అన్నాడు మాల్యాద్రి. "ఎక్కడా తప్పు లేదు."