అతుక్కున్న రెండు రేకులు

1874వ సంవత్సరం, ఆకులు రాలే కాలం. ఇంగ్లండు పళ్లెం చూసి గీసే పని ఇసాకుకు మొదటి నుంచీ నచ్చలేదు.

జపాను దక్షిణాన కొండల నడుమ వాళ్ల ఊరు. ఇంటింటా పింగాణీ పనే. ఇసాకు అక్కడ తొకుబెయ్ అనే ముసలి చిత్రకారుడి దగ్గర పదకొండేళ్లుగా పళ్లేల మీద పూలు గీస్తున్నాడు. గురువు చూపు మసకబారాక కుంచె పనంతా ఇసాకు చేతి మీదే నడుస్తోంది. ఆ సంగతి అతనికి తెలుసు. కాస్త ఎక్కువగానే తెలుసు.

నాగసాకి రేవు నుంచి మత్సునో అనే దళారి ఒక పాత పళ్లెం తెచ్చాడు. అది ఇంగ్లండులో చేసింది. నూరేళ్ల కిందట అక్కడి దొరలకు జపాను పింగాణీ అంటే పిచ్చి. ఓడల్లో వచ్చింది చాలక, అక్కడి పనివాళ్లే జపాను పళ్లేలను ముందు పెట్టుకుని, చూసి, అలాంటివే చేసేవాళ్లట. ఇది అలా చేసినదే. తెల్లటి నేల మీద ఒక ఎర్ర చామంతి, పక్కన ఒక కౌజుపిట్ట. ఎవరో దొర ఇంట్లో ఈ రకం పళ్లేలు చాలా పగిలిపోయాయి. సరిగ్గా అలాంటివే నలభై కావాలి. ఓడ నెలాఖరుకి బయల్దేరుతుంది.

ఆ ఏడు ఊళ్లో పనుల్లేవు. ఈ నలభై ఓడెక్కితేనే చలికాలం బట్టీకి కట్టెలు.

"మనల్ని చూసి వాళ్లు గీశారు. ఇప్పుడు వాళ్లని చూసి మనం గీయాలా?" అన్నాడు ఇసాకు.

"గీయి," అన్నాడు తొకుబెయ్.

ఇసాకు చామంతి రేకులు లెక్కపెట్టాడు. పద్దెనిమిది ఉండాలి. ఎడమవైపు కింద రెండు రేకులు ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్దలా ఉన్నాయి. అతను పకపకా నవ్వాడు.

"చూశావా ఓషినమ్మా! సముద్రాలు దాటారు గానీ, రేకులు లెక్కపెట్టడం రాలేదు."

ఆ ఇంట్లో రంగులు నూరే పనిమనిషి, ముసలి ఓషినో తల ఎత్తకుండానే, "పద్దెనిమిది దాకా లెక్కొచ్చని మా అబ్బాయి ఎంత మురిసిపోతున్నాడో," అంది.

నలభై పళ్లేల మీదా ఇసాకు ఆ రేకులు విడదీసి గీశాడు. మత్సునో వచ్చి చూసి, "అసలుదానికంటే బాగున్నాయయ్యా! దొరగారు ఎగిరి గంతేస్తారు. ఎల్లుండే బట్టీ పెట్టేయండి," అని వెళ్లాడు.

మర్నాడు పొద్దున ఇసాకు ఇంగ్లండు పళ్లేన్ని గురువు ముందు పెట్టాడు. "చేత్తో చూడండి గురువుగారూ. వాళ్ల తప్పు మీకే తెలుస్తుంది."

కాలిన రంగు పళ్లెం మీద సన్నగా ఉబ్బెత్తుగా ఉంటుంది. తొకుబెయ్ వేలికొసలు ఇంగ్లండు పళ్లెం మీది చామంతి చుట్టూ ఒక్కో రేకే దాటుకుంటూ వచ్చాయి. ఎడమవైపు కింద ఆగాయి. మళ్లీ మొదటి నుంచి వచ్చాయి. మళ్లీ అక్కడే ఆగాయి.



తొకుబెయ్ కత్తి అడిగాడు. తడుముకుంటూ ఒక వెదురు బద్ద చీల్చాడు. ఇసాకు కుడిచేయి పట్టుకుని, చూపుడువేలికి ఆ బద్ద ఆనించి దారంతో గట్టిగా చుట్టాడు. వేలు కర్రలా బిగుసుకుపోయింది.

"గీయి."

"ఇలా ఎలా గీస్తానండీ?"

"చామంతి గీయి."

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పువ్వు మొదలుపెడితే అది పూర్తయ్యేదాకా పళ్లెం తిప్పరు. ఇసాకు ఉత్త పళ్లెం ఒకటి తీసుకుని మొదలుపెట్టాడు. పై రేకులు ఎలాగో వచ్చాయి. చేయి ఎడమకు తిరిగి కిందికి దిగేసరికి వేలు వంగలేదు. మణికట్టు తిప్పి చూశాడు, మోచేయి ఎత్తి చూశాడు. రెండు రేకులు ఒకదాంట్లోకి ఒకటి వెళ్లి ముద్దయ్యాయి.

ఓషినో లేచి వచ్చి ఆ పళ్లెం చూసింది, ఇంగ్లండు పళ్లెం చూసింది. ఈసారి ఎగతాళి చేయలేదు.

"మా ముత్తాతకి చూపుడువేలు వంగేది కాదట," అన్నాడు తొకుబెయ్. "చిన్నతనంలో రాయి పడి నలిగిందని మా నాన్న చెప్పేవాడు. ఆయన గీసినవన్నీ ఓడలెక్కి పోయాయి. ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు. ఆయన తర్వాత మేమంతా రేకులు విడదీసే గీశాం."

ఆయన ఇంగ్లండు పళ్లేన్ని చాప మీద పెట్టి, నుదురు నేలకు ఆనేలా వంగి దండం పెట్టాడు.

ఇసాకు గొంతు తగ్గింది. "ఇది గీసింది ఆయన కాదు కదండీ. ఆయన పళ్లెం ముందు పెట్టుకుని ఎవరో ఇంగ్లండు మనిషి గీశాడు."

"అవును. వాడి వేలు వంగేదే," అన్నాడు తొకుబెయ్. "అయినా వంచలేదు."

ఇసాకు వేలికున్న దారం విప్పుకున్నాడు. గోడ వారగా వరసగా పెట్టిన నలభై పళ్లేల వైపు చూశాడు. కాల్చని రంగు తడిగుడ్డకు వచ్చేస్తుంది. అతను గుడ్డ తడిపాడు.

"రేపు బట్టీ, ఒరే నాయనా," అంది ఓషినో. "ఓడ మన కోసం ఆగదు."

"తెలుసమ్మా."

అతను మొదటి పళ్లెం ఒళ్లోకి తీసుకుని తుడిచాడు. తడిగుడ్డ చప్పుడు తొకుబెయ్‌కి వినపడుతూనే ఉంది. ఆయన వద్దనలేదు, కానిమ్మనీ అనలేదు.

ఆ రెండు రేకులూ అతుక్కునేలా నలభై పళ్లేలూ మళ్లీ గీయడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. ఓడ చెప్పిన రోజునే వెళ్లిపోయింది. మత్సునో పాత పళ్లెం వెనక్కి తీసుకుపోయి, వేరే ఇంట్లో పని చేయించుకున్నాడు. పని లేక ఓషినో తన తమ్ముడి ఊరికి వెళ్లిపోయింది. ఆ చలికాలమంతా తొకుబెయ్ ఇంట బట్టీ వెలగలేదు.