ఆకులో ఎడమ సగం

ఏదడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు శరభయ్యగారికి లేదు. "పద, చూద్దాం" అనేవారు. ఆ నరాల వైద్యుడి దగ్గర పని నేర్చుకుంటున్న వకుళకి ఆ మాట వింటే ఒళ్ళు మండేది. దొరికిన పుస్తకమల్లా నమిలేసిన పిల్ల, ఆగడం చేతకాదు. ఆ రోజు అడిగింది, చూసేది కళ్ళా, మెదడా అని. ఆయన చెప్పులు వేసుకుని, "పద" అన్నారు.

వెళ్ళింది వృద్ధాశ్రమానికి. మేనేజరు సీతాపతి కబురు పెట్టాడు. ఆకులో మెతుకు వదలకూడదన్నది అక్కడి కట్టుబాటు. అచ్చమాంబ అనే ముసలామె రోజూ సగం వదిలేస్తోందట. పైగా కడుపుకి పెట్టడం లేదని పంక్తిలో అందరూ వినేలా దెప్పుతోందట. కళ్ళా, సూదిలో దారం ఎక్కించేంత నిక్షేపంగా ఉన్నాయి. చలికాలంలో మూతి కాస్త వంకర పోయిందిగానీ, అదీ సర్దుకుంది. "రోగమేమీ లేదని మీరొక్క మాట చెబితే ఇవాళే సాగనంపేస్తాం. అన్నం విలువ తెలియని పొగరండీ" అన్నాడు సీతాపతి. ఆమెని తీసుకెళ్ళేవాళ్ళు ఎవరూ లేరని వంటావిడ గొణిగింది.

పంక్తి నడుస్తోంది. అచ్చమాంబ అరిటాకు కుడివైపు కడిగినట్టుంది. ఎడమవైపు పప్పు, వంకాయ కూర, అన్నం వడ్డించినవి వడ్డించినట్టే ఉన్నాయి. ఆమె ఖాళీ సగం వంకే చూస్తూ, వేళ్ళు నాకుతూ, కదలకుండా కూర్చుంది. ఆకలిగా ఉన్న మనిషి కూర్చునే తీరు అది. ఆ ముఖం చూసి పొగరన్నవాడి నాలుక ఏమైపోవాలి అనుకుంది వకుళ. ఆ మాట పైకే అనబోతే గురువుగారు చెయ్యెత్తి ఆపారు.

ఆయన ఆమె ఎదుట గొంతుకూర్చుని, ఆకుని మెల్లగా అటుదిటు తిప్పారు. కొస కుడివైపుకి వచ్చింది. అలా వేస్తే అశుభమని పంక్తిలో అందరి చేతులూ ఆగిపోయాయి. అచ్చమాంబ చెయ్యి మాత్రం అన్నంలోకి వెళ్ళింది.

"ఇప్పుడు పెట్టావా నాయనా? రోజూ ఆకలితోనే లేస్తున్నాను" అంది, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

శరభయ్యగారు లేచి సీతాపతికి చెప్పారు. చలికాలంలో వచ్చింది పక్షవాతం. మెదడులో ఎడమవైపు సంగతి చూసుకునే కుడిపక్క కొంత దెబ్బతింది. ఆమె కళ్ళు ఎడమవైపుని చూపిస్తూనే ఉన్నాయి, దాన్ని పట్టించుకోవలసిన చోటే తలలో పాడైంది. ఎడమ అనేది ఒకటుందని కూడా ఆమెకి తట్టదు. పక్కన కూర్చుని ఆకు తిప్పేవాళ్ళుంటే చాలు. ఆమెని పంపించడానికి రోగం లేదన్న మాట తను చెప్పనన్నారు.

సీతాపతి నేల చూపులు చూశాడు. ఇన్నాళ్ళూ రోజూ పక్కనే నిలబడి వడ్డించినా, తమలో ఒక్కరికీ ఆ సంగతి తోచలేదన్నాడు.

"ఆవిడకి తలలో దెబ్బ తగిలిందయ్యా" అన్నారు శరభయ్యగారు. "మనకి తగల్లేదే."