గొలుసు వేయని పూట

పీరయ్య వారం రోజులుగా మూతి ముడుచుకుని తిరుగుతున్నాడు. దానికి కారణం ఒక ఇనప గొలుసు.

కంభంలో స్తంభాలెక్కేవాళ్లలో పెద్దవాడు దావీదు. పటాలంలో ఫోను తీగలు పరిచి, పెన్షన్‌తో ఊరికొచ్చి, కరెంటాఫీసులో లైన్‌మ్యాన్‌గా చేరాడు. అందరూ మిలిటరీ దావీదు అంటారు. పీరయ్యకు పని నేర్పింది ఆయనే. ఏళ్ల తరబడి ఇద్దరిదీ ఒకటే పద్ధతి. పీరయ్య ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయి ఫ్యూజులు పీకుతాడు. మళ్లీ ఎవరూ పెట్టకుండా వాటిని జేబులో వేసుకుని వచ్చి, "తీసేశా పెదనాయనా" అంటాడు. దావీదు తలూపుతాడు. ఊపి కూడా, సంచీలోంచి గొలుసు తీసి తీగల మీదికి విసురుతాడు.

తీగల్లో ఇంకా కరెంటుంటే గొలుసు పడగానే నిప్పులు రాలతాయి. అలా రాలిన రోజు పీరయ్య ఎరుగడు. అయినా ఆ ముసలాయన విసరడం మానడు.

పోయిన వారం బజార్లో అది చూసి సోడాకొట్టు చెన్నకేశవులు నవ్వాడు. "ఏం పీరయ్యా, ఇన్నాళ్లు వెంట తిరిగినా మీ గురువుకు నీ మాట మీద గురి కుదరలా?"

అన్నవాడు అప్పుడే మరిచిపోయాడు. పడ్డవాడికి మాత్రం అన్నం సయించలేదు. చివరికి ఒక మధ్యాహ్నం, దావీదు భార్య మరియమ్మ ఎప్పటిలాగే ఇద్దరికీ కట్టిచ్చిన జొన్నరొట్టెల మూట ముందు పెట్టుకుని, పీరయ్య మనసులో మాట కక్కేశాడు.

"పెదనాయనా, నేను బేస్తవారిపేటకు మార్పించుకుని పోతా."

"ఎందుకురా?"

"నా మాట నమ్మనోళ్ల దగ్గర ఎందుకుండాలి? నేను తీసేశానన్నాక కూడా గొలుసు విసురుతావు. నడిబజార్లో నన్ను అబద్ధాలకోరును చేసినట్టుంది."

దావీదు రొట్టె తుంచుకుంటూ అడిగాడు. "ఇప్పుడేం చేయమంటావు?"

"ఒక్కసారి వట్టి నా మాట మీద ఎక్కు. ఆ చెన్నకేశవులు చూస్తుండగా ఎక్కు. అప్పుడుంటా."

"ఠీక్ హై" అన్నాడు దావీదు. పటాలం నుంచి ఆయన వెంట తెచ్చుకున్న హిందీ అంతే.

మర్నాడే సోడాకొట్టు ముందు స్తంభం మీద తీగ కాలిపోయింది. పీరయ్య ఫ్యూజులు పీకి, జేబులో వేసుకుని వచ్చాడు. "తీసేశా పెదనాయనా" అని కొట్టులోకి వినపడేలా అన్నాడు.

దావీదు సంచీలోంచి గొలుసు తీశాడు. దాన్ని విసరలేదు. పీరయ్య చేతిలో పెట్టి, నడుముకు బెల్టు బిగించుకుని, స్తంభం ఎక్కసాగాడు.

పీరయ్య ఛాతీ పొంగింది. చూశావా అన్నట్టు సోడాకొట్టు వైపు చూశాడు. చెన్నకేశవులు చూడనే లేదు, ఎవరికో చిల్లర ఇస్తున్నాడు.

తలెత్తేసరికి దావీదు సగం పైకి పోయాడు. వయసు మీదపడ్డ మనిషి, ఒక్కో అడుగూ చూసుకుని వేస్తున్నాడు. పీరయ్య చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. ఫ్యూజులు ఉన్నాయి, అన్నీ ఉన్నాయి. ఈ ట్రాన్స్‌ఫార్మర్‌వేనా? ఈ ట్రాన్స్‌ఫార్మర్‌వే, సందేహం లేదు. మరి ఆ డబడబ చప్పుడేమిటి? ఎవరిదో జనరేటర్. సరిగా కలపని జనరేటర్ అయితే దాని కరెంటు ఇంట్లోంచి ఎదురు నడిచి తీగల్లోకి వస్తుందని తనకు చెప్పిన పెదనాయనే ఇప్పుడు ఆ తీగల దగ్గరికి పోతున్నాడు.

పీరయ్యకు ఉన్నట్టుండి జొన్నరొట్టెల మూట గుర్తొచ్చింది. ఏం చెప్పి ఎక్కించావురా అని మరియమ్మ అడిగితే?

తీసేశానని చెప్పా పెద్దమ్మా.

పైన దావీదు బెల్టు స్తంభానికి తగిలించుకున్నాడు. మెల్లగా కుడిచెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి తీగను తాకకుండా గాల్లోనే ఉంది.

"ఆగు పెదనాయనా!"

బజారంతా ఉలిక్కిపడింది. చెన్నకేశవులు గోలీసోడా పట్టుకునే బయటికొచ్చాడు.

"దిగు! ముందు కిందికి దిగు!"

దావీదు దిగివచ్చి పక్కన నిలబడ్డాడు. పీరయ్య గొలుసు విసిరాడు. తీగలకు అందక అది రోడ్డు మీద పడింది. మళ్లీ తీసుకుని విసిరాడు. ఈసారి తీగల మీద అడ్డంగా పడి, కాసేపు ఊగి ఆగింది. నిప్పూ లేదు, చప్పుడూ లేదు.

"కరెంటు లేదు కదయ్యా! దానికి అంత అరుపు దేనికి?" అన్నాడు చెన్నకేశవులు.

పీరయ్య స్తంభం మొదట్లో కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

దావీదు ఆ పక్కనే చతికిలబడి, తన కుడి భుజం నొక్కుకున్నాడు.

"అరవడానికి ఇంతసేపట్రా? చెయ్యెత్తి పట్టుకోలేక చచ్చాను."