గవ్వలరేవులో గేదెకు సన్మానం

గవ్వలరేవులో మధ్యాహ్నమంటే నిద్రే. పొద్దు నడినెత్తికి రాగానే కాకులు సరుగుడు కొమ్మల్లో నోళ్లు మూసుకునేవి. కుక్కలు పాత పడవ నీడలో కాళ్లు బారజాపేవి. ఎర్ర పీతలు ఇసకదిబ్బ మీద తమ తమ బొరియల్లోకి దిగిపోయేవి. ఒడ్డున ఎండుతున్న చేపల వాసన మాత్రం మెలకువగా తిరుగుతుండేది.

గేదె నూకాలుకి మధ్యాహ్నం దాకా ఆగే ఓపిక లేదు. ఆమె పొద్దున్నే పడుకునేది. కొండల్లోంచి వచ్చే ఏరు ఆ రేవులోనే సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటుని మొగ అంటారు. అక్కడ మోకాలి లోతు నీళ్లు, అడుగున మెత్తటి ఒండ్రు. నూకాలు తల్లీ అక్కడే పడుకుంది, తల్లి తల్లీ అక్కడే పడుకుంది. రోజూ పొర్లుతూ, తొక్కుతూ, సముద్రం తెచ్చి పోసే ఇసకని పక్కకి నెట్టేసేవాళ్లు. అదొక పని అని వాళ్లెవరూ అనుకోలేదు.

అలాంటి రేవుకి ఒకనాడు కొండ మీది అడవి నుంచి నెమలి నీలాంబరంగారు దిగొచ్చారు.

"అడవిలో అందరూ నన్నే చూస్తున్నారమ్మా, అలిసిపోయాను," అన్నాడాయన నూకాలుతో. "నన్నెవరూ పట్టించుకోని చోటు కావాలి. ఇక్కడ మీరంతా ఏం చేస్తుంటారు?"

"పడుకుంటాం బాబూ."

"తర్వాత?"

"తర్వాతేటి, లేచి అటేపుకి తిరిగి పడుకుంటాం."

నీలాంబరంగారు కళ్లు మూసుకుని "ఎంత ప్రశాంతత" అన్నాడు. నాలుగు రోజులు ఎవరూ తనని చూడకపోవడం ఆయనకి ఎంతో హాయిగా ఉంది. ఐదో రోజున, ఎవరైనా చూస్తున్నారేమోనని ఆయనే అటూ ఇటూ చూడటం మొదలుపెట్టాడు. వారం తిరిగేసరికి అడవికెళ్లి, ఎవరికీ తెలియని చోటొకటి కనిపెట్టానని కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పాడు.

నెమళ్లు దిగాయి. వాటి వెనక దుప్పులు దిగాయి. అందరి వెనకా, చెవిలో సరుగుడు పుల్ల పెట్టుకుని, గుంటనక్క సన్నిబాబు దిగాడు.

"నాకంటూ ఏమీ అక్కర్లేదండి," అనేవాడు సన్నిబాబు, ఎవరితో మాట్లాడినా మొదటి మాటగా. "చూడండి, నాకు సొంతానికి ఒక్క బొరియ కూడా లేదు. చెట్టు కింద పడుంటాను. వచ్చినవాళ్లకీ ఉన్నవాళ్లకీ మధ్య మాట కలిపేవాడు ఒకడుండాలి కదా అని, అంతే."

నెమళ్లకి దిబ్బ నచ్చింది. అక్కణ్ణించి సముద్రం బాగా కనిపిస్తుంది. దిబ్బ మీద పీతలున్నాయి. సన్నిబాబు పీతల పెద్ద పోలయ్య దగ్గరకెళ్లి కూర్చున్నాడు.

"పోలయ్యా, నువ్వుండేది ఎక్కడ?"

"ఇసకలోన."

"సరుగుడు తోట వెనక ఉన్నదేమిటి?"

"ఇసకే."

"మరి అక్కడైనా ఇసకే, ఇక్కడైనా ఇసకే. అక్కడ నీడ కూడా ఉంది. దిబ్బ ఖాళీ చేస్తే, ఒడ్డున దొరికే చేపతలకాయల్లో నెమళ్ల వంతు రోజూ మీకు చేరేలా నేను చూస్తాను."

పోలయ్య కళ్లు రెండూ పైకి లేపి చాలాసేపు ఆలోచించాడు. లెక్క తప్పనిపించలేదు. పీతలు పిల్లాపాపలతో తోట వెనక్కి నడిచాయి. చేపతలకాయలు మొదటి రోజు వచ్చాయి. రెండో రోజు దారిలో ఉన్నాయన్నారు. ఆ తర్వాత ఆ మాటెత్తితే, నెమళ్లు ఉపవాసంలో ఉన్నాయన్నారు.

ఆ మీదట ఫిర్యాదులు మొదలయ్యాయి. ఎండుచేపల వాసన వల్ల నెమళ్లకి తలనొప్పి వస్తోంది. కాకుల గొంతు బాగాలేదు. ఆ మాట అన్నది నెమళ్లే. కుక్కలు పడుకునే తీరు చూడ్డానికి అసహ్యంగా ఉంది. ఒక దుప్పి అయితే, అలలు రాత్రంతా చప్పుడు చేస్తున్నాయి, కనీసం తెల్లవారుజామునైనా ఆపించమని అడిగింది. సన్నిబాబు చిరునవ్వు చెరగనివ్వకుండా "పైవాళ్లతో మాట్లాడుతున్నానండి" అన్నాడు. సముద్రం ఆగలేదు గానీ, కాకులు తాటితోపుకి పోయాయి, కుక్కలు పాత పడవ వదిలేసి తోట వెనక పీతల పక్కన చేరాయి.

మిగిలింది నూకాలు. ఆమె లేవదు. ఎవరేం చెప్పినా వింటుంది, తలాడిస్తుంది, నెమరు వేస్తుంది. మూడుసార్లు వచ్చి వెళ్లాక, నాలుగోసారి సన్నిబాబు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నూకాలమ్మగారూ, ఈ ఆదివారం మీకు సన్మానం."

"అంటే ఏటి?"

"మిమ్మల్ని పొగుడుతారు. దండ వేస్తారు. శాలువా కప్పుతారు. ఈ రేవుకి పెద్ద మీరేనని నీలాంబరంగారు నలుగురి ముందూ చెబుతారు. తోటలో వేదిక కడుతున్నాం."

"నానేటి సేసినానని?"

"అదేనండి మీ గొప్పతనం," అన్నాడు సన్నిబాబు.

నూకాలు ఆ రాత్రి సరిగా నెమరు వేయలేదు. పుట్టాక ఆమెనెవరూ "గారూ" అని పిలవలేదు. ఆదివారం మధ్యాహ్నం, పడుకోవాల్సిన వేళ, ఆమె మొగలోంచి లేచింది. ఒళ్లు కడుక్కుని తోటకి నడిచింది. పొన్నపూల దండ మెడకి చాలక ఒక కొమ్ముకి వేశారు. పాత వలని మడతపెట్టి శాలువాగా కప్పారు. 'రేవు పెద్ద' అని బిరుదు ఇచ్చారు. నీలాంబరంగారు పింఛం విప్పి పొద్దు వాలేదాకా మాట్లాడాడు. అందులో సగం తన గురించే అయినా, మధ్యమధ్యలో "నూకాలమ్మగారు లేని ఈ రేవుని ఊహించుకోలేం" అన్నప్పుడల్లా నూకాలు నెమరు ఆపేసింది. ఆమె తల వంచుకుని, చెవులు మాత్రం అటు తిప్పి వింది.

తిరిగొచ్చేసరికి మొగ లేదు.

అడవిపందుల్ని పిలిపించి, ఆ కాసేపట్లో ఇసక పోయించి చదును చేయించాడు సన్నిబాబు. ఏటికీ సముద్రానికీ నడుమ పొడవాటి మేట. దాని మీద నెమళ్లు అప్పుడే సాయంత్రపు నడక నడుస్తున్నాయి. ఇటుపక్క ఏటి నీళ్లు కదలకుండా అద్దంలా నిలబడ్డాయి. తమ నీడలు నీళ్లలో కనిపిస్తుంటే నెమళ్ల ఆనందం ఇంతా అంతా కాదు. చుట్టూ సరుగుడు కర్రలు పాతారు. ఒక పలక మీద 'గేదెమడుగు విహారస్థలం. ఇక్కడ గేదెలు పడుకోరాదు' అని రాసి ఉంది.

"సన్నిబాబూ, నా సోటు?" అంది నూకాలు.

"మిమ్మల్నెవరైనా లేపారా అమ్మా? మీ అంతట మీరే లేచి వెళ్లారు. చోటు ఖాళీగా ఉంటే బాగుండదని సర్దాం. పేరు మాత్రం మీ పేరే పెట్టాం, చూశారా?"

నూకాలు వెనక్కి తిరిగింది. చోటు పోయినందుకన్నా, ఆ పొగడ్తలు వింటూ తనెంత సంతోషపడిందో తలుచుకుంటే ఆమెకి ఎక్కువ సిగ్గేసింది. శాలువా తోటలో ఒక మోడుకి తగిలించి, తోట వెనక బురదగుంటలో పడుకుంది. కడుపు సగమే మునిగింది.

పది రోజుల తర్వాత సన్నిబాబు మళ్లీ వచ్చాడు. కొత్తగా వచ్చేవాళ్లు రేవులో పాతకాలపు కళ ఏదీ అని అడుగుతున్నారట. సాయంత్రం ఒక అరగంట, ఒళ్లు కడుక్కుని వచ్చి మేట మీద నిలబడితే చాలట. మొహమాటం కొద్దీ ఒకరోజు వెళ్లింది. నెమలి పిల్లలు వింతగా చూశాయి. ఒక దుప్పి "సహజంగా ఉంది" అని మెచ్చుకుని, నమిలే చప్పుడు కాస్త తగ్గించమని చెప్పమంది. నూకాలు ఇంకెప్పుడూ వెళ్లలేదు.

ఆమె వెళ్లొచ్చిన ఆ సాయంత్రమే పోలయ్య ఆమె కొమ్ము మీద కూర్చుని, రెండు రోజులుగా దాచుకున్న మాట బయటపెట్టాడు.

"అప్పా, నాను మొన్న పాత దిబ్బ సూద్దారని ఇసక కిందనించి తవ్వుకుంటా ఎల్లినాను. దారి తప్పి మేట నడిమికి పోనాను. అక్కడ లోపల పెద్ద బొరియుంది. ఏడు గదులు. సముద్రం ఏపుకి ఒక కిటికీ."

"ఎవులిది?"

"సన్నిబాబు లోపల కాళ్లు బారజాపుకుని పడుకున్నాడు."

"సెట్టు కింద పడుంటానంటాడు కదా?"

"పగలు సెట్టు కిందే. నలుగురూ సూత్తారని."

నూకాలు నెమరు వేస్తూ అటువైపుకి తిరిగి పడుకుంది.

శ్రావణంలో వాన పట్టుకుంది. రెండు రోజులు విడవకుండా కురిసింది. మూడో రోజు పొద్దున కొండల మీంచి ఎర్రటి నీళ్లతో ఏరు దూకుతూ వచ్చి, మేట దగ్గరకొచ్చి ఆగింది. పోవడానికి దారి లేదు. నీళ్లు వెనక్కి తిరిగాయి. అద్దంలాంటి మడుగు పొంగి దిబ్బ అడుగు కొరకడం మొదలుపెట్టింది. ఇటు తోట వెనక కూడా నీళ్లు చేరాయి. పీతల బొరియలు ఒక్కొక్కటే మునిగాయి. పోలయ్య మనవల్నీ మనవరాళ్లనీ వెంటేసుకుని నూకాలు వీపెక్కాడు.

పందులు మేటని ముట్టెలతో తవ్వి చూశాయి. ఎంత తవ్వితే అంత జారి మళ్లీ నిండింది. ఎక్కడ తొక్కితే ఇసక విరుగుతుందో వాటికి తెలీదు. అప్పుడు నీలాంబరంగారికి గేదె గుర్తొచ్చింది. తడిసి ముద్దయి, పింఛం ఈడ్చుకుంటూ బురదగుంట దగ్గరకొచ్చాడు. ఆయన వెనక నెమళ్లు, దుప్పులు, పందులు, అందరికంటే ముందుకొచ్చి సన్నిబాబు.

"రేవు పెద్ద మీరే కదమ్మా. మొగ తెరిచే దారి మీకే తెలుసు," అన్నాడు సన్నిబాబు.

నూకాలుకి లేవకూడదనిపించింది. దిబ్బ కూలితే కూలనీ అనిపించింది. కానీ వీపు మీద గోరంత పీతపిల్లలు చలికి వణుకుతూ ఆమె వెంట్రుకలు పట్టుకుని వేలాడుతున్నాయి. ఆమె లేచింది. మేట దాకా మెల్లగా నడిచి, అందరూ వచ్చేదాకా ఆగింది.

"మొగ రెండు సోట్ల తెగుద్ది," అంది. "ఉత్తరం కొసన ఒకటి. అక్కడ తెగితే నీళ్లు దిబ్బని రాసుకుని పోతాయి. రెండోది నడిమిన. నడిమిన అయితే బేగి తెగుద్ది, దిబ్బకేటీ అవదు. నడిమిన ఎవులి ఇల్లయినా ఉంటే సెప్పండి, ఉత్తరమే తొక్కుతాను. ఒకరి గూడు కూల్చి తిరిగేదాన్ని కాదు."

"మేట మీద ఇల్లేమిటమ్మా, అది అందరూ నడిచే చోటు," అన్నాడు నీలాంబరంగారు.

"పైన కాదు బాబూ, కింద. ఈ ఏర్పాట్లన్నీ సేసింది సన్నిబాబు. ఆయన్నే సెప్పమనండి."

సన్నిబాబు గొంతు సవరించుకున్నాడు. "ఉత్తరం మంచిదేమో... ఆ దిక్కు శుభం అంటారు..."

"ఉత్తరమైతే మా ఇళ్లు పోతాయి కదయ్యా," అన్నాడు నీలాంబరంగారు. "నడుమ ఏముందో చెప్పు."

నెమళ్ల మెడలన్నీ సన్నిబాబు వైపు తిరిగాయి. ఉందంటే, ఎవరిదని అడుగుతారు. నాదంటే, సొంతానికి బొరియ లేదన్న మాట ఏమైందని అడుగుతారు. వాన అతని ముక్కు చివర నుంచి కారుతోంది.

"ఏమీ లేదండి," అన్నాడు చివరికి.

"సరిగా సెప్పు బాబూ. ఒకసారి తొక్కితే మళ్లీ అతకదు," అంది నూకాలు.

"లేదన్నాను కదమ్మా."

నూకాలు పీతల్ని గట్టున దించి మేట నడుమకి నడిచింది. ముందు కాళ్లు గట్టిగా వేసి, అక్కడే పడుకుని ఒకసారి పొర్లింది. లోపల బోలుగా ఉన్న ఇసక ఒక్కసారిగా కూలింది. ఆమె లేచి రెండడుగులు వెనక్కి వేసేలోపే ఏటి నీళ్లు ఆ సందులోకి దూరి, సందుని గండి చేసి, సముద్రంలోకి ఉరికాయి. దిబ్బని కొరుకుతున్న నీళ్లు చూస్తుండగానే దిగిపోయాయి.

గండిలోంచి ఏడు గదులూ బయటపడ్డాయి. ముందు మెత్తటి నెమలి ఈకల పరుపు తేలింది. నీలాంబరంగారు ఆ ఈకల్లో రెండింటిని గుర్తుపట్టి, తన పింఛంలో ఖాళీలు వెతుక్కున్నాడు. తర్వాత ఎండిన చేపతలకాయలు కుప్పలుకుప్పలుగా కొట్టుకొచ్చాయి. పీతలకి రావాల్సినవన్నీ అక్కడే ఉన్నాయి.

"ఎవరిదీ ఇల్లు?" అన్నాడు నీలాంబరంగారు.

పోలయ్య పక్కవాటంగా నడుస్తూ సన్నిబాబు కాళ్ల దగ్గరకొచ్చాడు. "బాబూ, ఈ తలకాయలు మీయా?"

సన్నిబాబు తేలిపోతున్న పరుపుని చూశాడు. సముద్రం వైపు కిటికీ ఉన్న గది అలలోకి విరిగి పడటం చూశాడు. "నాకేం తెలుసు," అన్నాడు.

"అయితే పిల్లల్ని తీసుకుపొమ్మంటాను," అన్నాడు పోలయ్య. పీతలన్నీ వచ్చి, సన్నిబాబు రెండు కాళ్ల సందులోంచే తలకాయలు దొర్లించుకుంటూ పాత దిబ్బ వైపు పోయాయి. అతను ఒక్కదాన్ని కూడా ఆపలేకపోయాడు. వాన వెలిసేదాకా అక్కడే నిలబడి, తర్వాత ఒడ్డు పట్టుకుని ఒక్కడే నడిచి వెళ్లిపోయాడు.

నెమళ్లలో సగం, ఇంకా ఎవరికీ తెలియని రేవు ఒకటుందని విని దక్షిణానికి పోయాయి. మిగిలినవి కాకుల పాటకి చెవులు అలవాటు చేసుకుంటున్నాయి. నూకాలు కొత్త మొగలో పడుకుని ఉంది. అడుగున ఒండ్రు ఇంకా చేరలేదు, కాస్త గరుకుగానే ఉంది.

నాది కాదని పదిమందిలో చెప్పి కట్టుకున్న ఇల్లు కూలిపోతుంటే, నాదని ఏడ్చే వీలు కూడా ఉండదు.