ఓబుళమ్మ సంగటికుండ

పొగ రాని పొయ్యిలు కట్టడం నేర్పే కుళ్లాయప్ప మేస్త్రికి ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాళ్లను వెంటబెట్టుకుని ఏదో ఒక వంటింటికి తీసుకెళ్తాడు. ఆ సంగతి శిష్యురాలు హిమజకు తెలుసు. అయినా ఆ రోజు కోపం ఆగలేదు.

"పొగంటే ఆడవాళ్ల ఊపిరి తాగే దొర, మేస్త్రీ! ఆ దొరతనాన్ని కూల్చాలనే నెల రోజులు మట్టి తొక్కాను. ఓబుళమ్మేమో నేను కట్టిన పొయ్యి మీద చేట, చీపురు పెట్టుకుని, పెరట్లో మూడు రాళ్ల మీద దగ్గుతూ వండుతోంది. మేలు చేస్తే ఎందుకు కాలదన్నుతారు?"

మేస్త్రి తలపాగా చుట్టుకుని లేచాడు.

ఓబుళమ్మ ఎర్రబడ్డ కళ్లు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. "ఈ పూట సంగటి మా పాప చేస్తుందిలే. తను కట్టిన పొయ్యి మీదే" అన్నాడు మేస్త్రి.

పొయ్యి చక్కగా మండింది. పొగంతా గొట్టంలోంచి పైకి పోయింది. హిమజ మొహం వెలిగింది. కానీ ఎసరు మరిగి, రాగిపిండి పడి, సంగటి బిగిసేసరికి తెడ్డు బండలా బరువెక్కింది. రెండు చేతులా బలం పెట్టి కెలికితే, తెడ్డుతోపాటు కుండా గిర్రున తిరిగింది. అది ఒక్క ఒరుగు ఒరిగేసరికి, ఉడుకుపిండి ఆమె మణికట్టు మీద చిందింది.

"ఏం పాపా, మీ బుక్కులో సంగటి కెలికేది రాయల్యాదా?" ఓబుళమ్మ పకపకా నవ్వి, కుండను పెరట్లోకి మోసుకెళ్లి మూడు రాళ్ల నడుమ కూర్చోబెట్టింది. రాళ్లు దాన్ని కదలనివ్వలేదు. నాలుగు తిప్పులకు సంగటి ముద్దకట్టింది.

మేలు మాట హిమజ మళ్లీ ఎత్తలేదు. దారంతో కుండ పొట్ట కొలిచింది. పైనుంచి బలం పెట్టి కెలికేలా తన పొయ్యిని జానెడు దించింది. పైన కుండను బిగపట్టేలా మూడు మట్టి గుబ్బలు పెట్టింది. మట్టి ఆరాక ఇంట్లోనే వండింది ఓబుళమ్మ. ఒక్కసారీ దగ్గలేదు.

"ఇప్పుడిది నా పొయ్యి" అంటూ ఇద్దరికీ సంగటి, ఊరిబిండి పచ్చడి వడ్డించింది.

హిమజ కమ్మగా తింటూనే ఎడమచేత్తో నోటుపుస్తకం తెరిచింది. "కొలత దొరికింది మేస్త్రీ! ఇక ఊరంతా ఇదే పొయ్యి!"

గోడ అవతల నుంచి టప్ టప్‌మని చప్పుడు వస్తోంది. మేస్త్రి నములుతున్నవాడల్లా ఆగి, చెవి అటు పెట్టాడు.

"ఆ ఇంట్లో పెనం మీదికి జొన్నరొట్టె తడుతున్నట్టుందే, పాపా."