ఆరో మెట్టు దగ్గర మొదలైన వరద

అనగా అనగా చాలా కాలం నాటి మాట. గోదావరి రెండు పాయలుగా చీలిన చోట ఒక లంక ఉండేది. ఆ లంకకు పెద్ద సూరపనాయుడు. మంచివాడే. అరటి తోట అంటే మాత్రం ప్రాణం. ఆయన మాట ఊరికి వేదవాక్కు.

ఒక శ్రావణంలో వరద మొదలైంది. రేవుకు కింది నుంచి ముప్పై మెట్లు. అవన్నీ మునిగితే నీరు ఊళ్లోకే. మొదటి రోజు చూసేసరికి ఆరో మెట్టు మునిగి ఉంది. మర్నాడు తొమ్మిదోది. మూడోనాడు పన్నెండోది.

ఆ సాయంత్రం సూరప చెల్లెలు కామసాని వచ్చింది.

“అన్నా, పశువుల్ని అవతలి గట్టుకు చేరుద్దాం.”

“నిన్న మూడు మెట్లే, ఇవాళా మూడు మెట్లే. వరద జోరు పెరగలేదు కదమ్మా. దిగులెందుకు?”

“జోరు పెరగకపోయినా నీరు పెరుగుతోంది కదా.”

ఆయన నవ్వి ఊరుకున్నాడు. గెలలు ఇంకా ముదరలేదు. వాటిని వదిలిపోవడానికి మనసొప్పలేదు.

ఐదోనాడు ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి సూరప తానే లెక్క కట్టాడు. “ముప్పై మెట్లు, రోజుకు మూడు. పదోనాడు గానీ నీరు ఊళ్లోకి రాదు. తొమ్మిదోనాడు అందరం దాటేద్దాం.”

“నువ్వు అడుగు నుంచి లెక్కపెట్టావన్నా. మొదటి రోజే ఆరు మెట్లు మునిగాయి. మిగిలినవి ఇరవై నాలుగు. మూడేసి చొప్పున ఎనిమిది రోజులు. ఆ మొదటి రోజు మీద ఎనిమిది, అంటే తొమ్మిదోనాడే వచ్చేస్తుంది.”

నలుగురి ముందు చెల్లెలు తప్పు దిద్దడం ఆయనకు నచ్చలేదు. “ఒక్క రోజు కోసం ఇంత వాదనా?” అన్నాడు.

ఎనిమిదోనాడు ఆమె తోటలోకే వచ్చింది. “ఇరవై ఏడో మెట్టు మునిగింది. ఒక్కసారి వచ్చి చూడన్నా.”

“నా లెక్కకు ఇరవై నాలుగే మునగాలి. నువ్వు పొరబడి ఉంటావు” అని సూరప గెలలు కోసుకుంటూ పోయాడు. రేవుకు వెళ్లలేదు.

కామసాని ఇక అడగలేదు. తన మాట విన్నవాళ్లను పశువులతో సహా దాటించింది. మిగతావాళ్లు పెద్దాయనను నమ్మి ఉండిపోయారు. వాళ్లలో పోలమ్మ ఒకతె. మగదిక్కు లేని మనిషి. ఆమెకున్నదల్లా కపిల అనే ఒక్క ఆవు.

తొమ్మిదోనాడు తెల్లవారేసరికి ముప్పయ్యో మెట్టు మునిగి, నీరు వీధుల్లోకి వచ్చింది. కామసాని పడవలు తెచ్చి మనుషులందరినీ గట్టెక్కించింది. కట్లు విప్పే వ్యవధి లేక పశువులు చాలా పోయాయి. కపిలా పోయింది.

వరద తీశాక సూరప పొరుగూరి నుంచి ఒక పాడి ఆవును తెచ్చి పోలమ్మ వాకిట్లో కట్టాడు. ఆమె దాని మెడ నిమిరింది.

“మంచి ఆవే బాబూ. ఆనాడు కామసానమ్మ వచ్చి దాటిపొమ్మని అడిగింది కూడా. నువ్వు రేపన్నావని నేనే కపిలను విప్పలేదు.”

ఆమె గొంతులో కోపం లేదు. అప్పటి నుంచి సూరప ఊరికి ఏ లెక్క కావలసినా చెల్లెలినే పిలిపించేవాడు. పోలమ్మ ఇంటి మీదుగా వెళ్లేటప్పుడు మాత్రం తల ఎత్తేవాడు కాదు.

ఎంత చొప్పున పెరుగుతోందో తెలిస్తే చాలదు, ఎక్కడ మొదలైందో కూడా చూడాలి. మొదలు మరచి కట్టిన లెక్క ఒడ్డు చేర్చదు.