మల్హర్‌రావు సారు చదవని పుస్తకం

మీరు ఈమధ్య మెచ్చుకున్న పుస్తకంలో ఏం చూశారో చెప్పండి. ఎవరో చెప్పగా విన్నది నాకొద్దు, మీ కళ్ళతో చూసింది చెప్పండి. నోరు పెగలడం లేదా? అయితే మల్హర్‌రావు కథ వినండి.

బొగ్గుగనుల ఊరు బెల్లంపల్లిలో, చదవని పుస్తకం మీద కూడా గంటసేపు మాట్లాడగల మల్హర్‌రావు అనే రిటైర్డు పంతులు ఉండేవాడు. ఒకప్పుడు బాగా చదివేవాడు. చేతికి స్మార్ట్‌ఫోన్ వచ్చాక ఆ ఓపిక పోయింది. పుస్తకం పేరూ, అట్ట వెనకున్న నాలుగు వాక్యాలూ అందులోని ఏఐ యాప్‌లో కొట్టి సారాంశం అడిగేవాడు. అది చెప్పింది కంఠతా పట్టి, ప్రతి నెలా యూనియన్ ఆఫీసులో జరిగే పాఠకుల సభలో తన అభిప్రాయంగా చెప్పేవాడు.

ఒక ఆదివారం ఆ సభకు ఓదెమ్మ వచ్చింది. ఆమె గని కార్మికుడి భార్య, బడిలో మధ్యాహ్న భోజనం వండేది. పదకొండేళ్ళు కష్టపడి తన బతుకును "గుడ్డి వెలుతురు" అనే పుస్తకంగా రాసి అచ్చేయించింది. రెండో భాగం నోటుబుక్కులు సంచిలో తెచ్చుకుంది.

"సారూ, మీకు పుస్తకమిచ్చి పది దినాలైతాంది. మంచిగున్నదంటే ఇవి ప్రెస్సుకిస్త. లేదంటే పొయ్యిల పెడత. మీరెట్లంటే అట్ల" అంది.

మల్హర్‌రావు గొంతు సవరించుకున్నాడు.

"కళ్ళు లేని స్త్రీ పడే వేదనను మీరు చిత్రించిన తీరు అద్భుతం. గుడ్డితనం ఆమెను ఓడించలేకపోయింది" అన్నాడు.

ముందు వరుసలో ఉన్న కనకయ్య అనే పాత కార్మికుడు వెనక్కి తిరిగాడు. "ఓదెమ్మా, నీకు కండ్లెప్పుడు పోయినయే?" అన్నాడు. అందరూ నవ్వారు. ఓదెమ్మ నవ్వలేదు.

"నా పుస్తకంల గుడ్డోళ్ళెవరూ లేరు సారూ. గనిల పైకప్పు కూలిన నాడు మా ఆయన టోపీ మీది దీపం చార్జింగు అయిపోవచ్చింది. ఆ గుడ్డి వెలుతురుల నలుగురు ఒకరి బెల్టు ఒకరు పట్టుకొని బయటపడ్డరు. మొదటి పేజీలనే ఉన్నది."

సంచి భుజాన వేసుకుని లేచింది. "చదివిన మనిషి దొరికినంక అడుగుత."

అట్ట వెనక ఏమీ లేకపోవడంతో పేరును బట్టే కథ అల్లిన ఫోన్‌ను మల్హర్‌రావు ఇంటికి వెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశాడు. పుస్తకం తెరిచాడు. మొదటి రోజు ఇరవై పేజీలు దాటలేకపోయాడు. చెయ్యి మాటిమాటికీ ఖాళీ జేబులోకి పోయేది. పట్టు వదల్లేదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి నాలుగో రోజుకు పూర్తిచేశాడు. గనిలోంచి బయటపడ్డ ఆ నలుగురిలో ఇద్దరి పిల్లలకు తనే పాఠాలు చెప్పాడు. ఇంట్లో ఎలా ఉందని వాళ్ళనెప్పుడూ అడగలేదు.

మర్నాడు బడి వంటగదికి వెళ్ళాడు. ఓదెమ్మ పప్పు కలుపుతోంది.

"చదవకుండా మాట్లాడాను. తప్పు నాదే. ఇప్పుడు చదివాను, ఒకటి అడగాలి. మీ ఆయన బయటపడి ఇంటికొచ్చాడని రాశారు. రాగానే ఏమన్నాడో రాయలేదేం?" అన్నాడు.

ఓదెమ్మ గరిటె ఆపి అతని ముఖంలోకి చూసింది.

"అదప్పుడు రాయబుద్ధి గాలే సారూ. రెండో భాగంల రాసిన."

కొంగుకు చేతులు తుడుచుకుని సంచిలోంచి నోటుబుక్కులు తీసి ఇచ్చింది. "మెల్లగ చదువుండ్రి. మీరు చెప్పినంకనే ప్రెస్సుకు."

మన బదులు చదివిపెట్టే యంత్రాలు ఎన్నైనా వస్తాయి. మన ఆలోచన మాత్రం మనమే చేసుకోవాలి. చదవకుండా తీర్పు చెప్పడం రాసిన మనిషికి చేసే ద్రోహం. మరి నిన్న మీరు నలుగురిలో "నా అభిప్రాయం" అని గట్టిగా చెప్పిన మాట, నిజంగా మీదేనా?